ఒహాయో మొదటి కౌంటీలో నిజంగా చదువుకున్నవాళ్లు ఎంతమంది? (వాషింగ్టన్ కౌంటీ, 1788–1825)

కొలంబస్ వాసు
అందరికీ నమస్తే. మేం ఒహాయోలో కొలంబస్ దగ్గర ఉంటాం. ఇక్కడ నాలుగో తరగతి సోషల్‌లో ఒహాయో చరిత్ర ఉంటుంది. మా అమ్మాయి ప్రాజెక్టుకి సాయం చేద్దామని మొదలెట్టా. అది ఎప్పుడో అయిపోయింది, నేను మాత్రం ఇంకా ఇందులోనే ఉన్నా.

నా అనుమానం ఇదీ. మారియెట్టా ఊరు, వాషింగ్టన్ కౌంటీ గురించి ఏ పుస్తకం తెరిచినా ఒకటే పాట. అక్కడికి వచ్చినవాళ్లు మామూలు వలసదారులు కాదట, న్యూ ఇంగ్లండ్ కాలేజీల్లో చదివిన పెద్దమనుషులట, అడవి కొట్టగానే బడి కట్టారట. సరే, కాలేజీ మొహం చూసినవాళ్లు ఎందరు? మిగతావాళ్లకి చదవడం, రాయడం వచ్చా? బడికి డబ్బు ఎవరిచ్చారు? ఏ కాగితాల్లో వెతికితే ఇవి తేలతాయి? పాత రికార్డుల మీద పనిచేసినవాళ్లు ఇక్కడ ఉన్నారని అడుగుతున్నా.

పాత కాగితాలు
వాసు గారూ, మంచి ప్రశ్న. ముందు పేర్ల సంగతి తేల్చేద్దాం.

1788 ఏప్రిల్ 7న ముస్కింగం నది ఒహాయో నదిలో కలిసేచోట రూఫస్ పుట్నం నాయకత్వంలో 48 మంది దిగారు. ఒహాయో కంపెనీ ఆఫ్ అసోసియేట్స్ అనే భూముల కంపెనీ మనుషులు వీళ్లు. అదే ఏడాది జులై 26న గవర్నర్ ఆర్థర్ సెయింట్ క్లెయిర్ వాషింగ్టన్ కౌంటీని ప్రకటించాడు. నార్త్‌వెస్ట్ టెరిటరీ (ఒహాయో నదికి ఉత్తరాన అప్పటికి రాష్ట్రాలు ఏర్పడని అమెరికా ప్రాంతం) మొత్తానికీ ఇదే తొలి కౌంటీ. అప్పటి కౌంటీ అంటే ఇప్పటి ఒహాయోలో దాదాపు తూర్పు సగం. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

కాలేజీ చదువు ఉన్నవాళ్లంటూ అందరూ చెప్పే పేర్లివి: శామ్యూల్ హోల్డెన్ పార్సన్స్ (హార్వర్డ్, 1756), మనాసె కట్లర్ (యేల్, 1765), డడ్లీ వుడ్‌బ్రిడ్జ్ (యేల్, 1766), జేమ్స్ మిచెల్ వార్నమ్ (ఇప్పుడు బ్రౌన్ యూనివర్సిటీ అంటున్న కాలేజీ, 1769), విన్త్రాప్ సార్జెంట్ (హార్వర్డ్, 1771), పాస్టర్ డేనియల్ స్టోరీ (డార్ట్‌మత్, 1780), పాల్ ఫియరింగ్ (హార్వర్డ్, 1785), రిటర్న్ జొనాథన్ మెగ్స్ జూనియర్ (యేల్, 1785).

చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది కదా. ఇప్పుడు కోత మొదలెడదాం. కట్లర్ 1788 వేసవిలో వచ్చి, చూసి, మసాచుసెట్స్‌లోని తన చర్చికి వెళ్లిపోయాడు, అక్కడ స్థిరపడనే లేదు. వార్నమ్ 1789 జనవరిలో జబ్బుతో పోయాడు. పార్సన్స్ అదే ఏడాది నవంబరులో బీవర్ నదిలో మునిగి చనిపోయాడు. సార్జెంట్ 1798లో మిసిసిపీ టెరిటరీ గవర్నరుగా వెళ్లిపోయాడు. నిలకడగా ఊళ్లో ఉన్నవాళ్లు ఒక బల్ల చుట్టూ సరిపోతారు.

గోదారోడు
అంటే బ్రోచర్‌లో ఫొటోలు ఉంటాయి, క్లాసులో సార్లు ఉండరు. మన కార్పొరేట్ కాలేజీ లెక్కేనన్నమాట 😄

పాత కాగితాలు
అంత మాట అనలేను కానీ, దగ్గరగానే ఉంది. ఇంకో తమాషా. అసలు నాయకుడు రూఫస్ పుట్నంకి బడి చదువు దాదాపు లేదు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. మారు తండ్రి సత్రం నడిపేవాడు, కుర్రాణ్ని బడికి పంపలేదు. సత్రానికి వచ్చేవాళ్లకి పనులు చేసిపెట్టి నాలుగు చిల్లర నాణేలు సంపాదించి, వాటితో తుపాకి మందు కొని, పిట్టల్ని కొట్టి అమ్మి, ఆ డబ్బుతో అక్షరాల పుస్తకం, లెక్కల పుస్తకం కొనుక్కున్నానని తనే రాసుకున్నాడు. ఆయన చేత్తో రాసిన కాగితాల్లో స్పెల్లింగులు చూస్తే ఇప్పటి టీచర్లు ఎర్ర పెన్ను కింద పెట్టరు. అదే మనిషి సొంతంగా సర్వే నేర్చుకుని 1796లో అమెరికా మొత్తానికీ సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఇతన్ని "విద్యావంతుడైన వలసదారు" అనాలా, కాదా? ఈ ఒక్క ప్రశ్న దగ్గరే ఆ పాత పుస్తకాల వర్గీకరణ తేలిపోతుంది.

నవీన్_నిజాంపేట
వాసన్నా, నాదొక డౌట్. మారియెట్టా మ్యాప్ చూసిన. సాక్రా వియా, కాపిటోలియం, కాంపస్ మార్షియస్... రోమ్ నగరం పేర్లన్నీ అక్కడ ఎందుకున్నయి? అడవిల లాటిన్ పేర్లు పెట్టినోళ్లు చదువుకున్నోళ్లే అయ్యుంటరు కద.

పాత కాగితాలు
అవును నవీన్, ఆ పేర్లు పెట్టింది కంపెనీ డైరెక్టర్లే. కానీ వేటికి పెట్టారో చూడు. కాంపస్ మార్షియస్ వాళ్లు కట్టుకున్న చెక్క కోట. మిగతావి వాళ్లకంటే ఎన్నో శతాబ్దాల ముందు అక్కడి ఆదివాసీలు కట్టిన మట్టి దిబ్బలు, గోడలు. సాక్రా వియా అంటే నది నుంచి దిబ్బల దాకా రెండు మట్టి గోడల మధ్య ఉన్న దారి. పెద్ద దిబ్బని శ్మశానంలో ఉంచి కాపాడారు, ఇప్పటికీ ఉంది. దారి పక్క గోడల మట్టి మాత్రం తర్వాతి కాలంలో ఇటుకల బట్టీలకి పోయింది.

స్వాతి_ఎల్
ఇక్కడ ఒక మాట చెప్పకపోతే కథ సగమే అవుతుంది. ఆ నేల ఖాళీగా లేదు. డెలావేర్, షానీ, వయాండాట్ ప్రజల వేట భూములు అవి. ఆ భూముల మీద అమెరికా ప్రభుత్వం చేయించుకున్న 1789 ఫోర్ట్ హార్మర్ ఒప్పందాన్ని వాళ్లలో చాలామంది ఒప్పుకోలేదు. 1791 జనవరి 2న బిగ్ బాటమ్ దగ్గర కొత్త స్థావరం మీద దాడి జరిగింది. అప్పటి నుంచి యుద్ధం ముగించిన 1795 గ్రీన్‌విల్ ఒప్పందం దాకా వలసదారులు కోటల్లోనే తలదాచుకున్నారు.

బడుల కథకి దీనికి నేరుగా సంబంధం ఉంది. ఊళ్లో ఎక్కడో ఒకచోట విడివిడిగా ఉండాల్సిన కుటుంబాలన్నీ నాలుగేళ్లు ఒకే ప్రహరీ లోపల ఉన్నాయి. పిల్లలంతా ఒకేచోట. బయట తిరగనివ్వరు. బడి పెట్టడానికి అంతకంటే అనువైన పరిస్థితి ఏముంటుంది? "అడుగుపెట్టగానే బడి" అన్న పేరు వెనక వాళ్ల చదువు పిచ్చి ఎంతుందో, యుద్ధ భయం కూడా అంతే ఉందని నా ఉద్దేశం.

రాజమండ్రి మేష్టారు
స్వాతమ్మా, బాగా చెప్పావు. నేను డబ్బు వైపు నుంచి వస్తాను. చరిత్ర పాఠం చెప్పిన అలవాటు, కాస్త పొడుగవుతుంది, భరించండి.

1785 భూ చట్టంలో ఒక లెక్క ఉంది. భూమిని ఆరు మైళ్లు పొడవు, ఆరు మైళ్లు వెడల్పు ఉన్న టౌన్‌షిప్పులుగా కొలవాలి. ఒక్కో టౌన్‌షిప్పులో 36 సెక్షన్లు, ఒక్కో సెక్షనూ 640 ఎకరాలు. అందులో 16వ సెక్షన్ బడి కోసం. ఒహాయో కంపెనీ కాంగ్రెస్‌తో బేరం కుదుర్చుకున్నప్పుడు దీనికి తోడు 29వ సెక్షన్ మతం కోసం, రెండు పూర్తి టౌన్‌షిప్పులు విశ్వవిద్యాలయం కోసం రాయించుకుంది. ఆ బేరంలో కాంగ్రెస్ చుట్టూ తిరిగిన మనిషి మనాసె కట్లరే. ఆ టెరిటరీ పాలనకి చేసిన చట్టం, 1787 నార్త్‌వెస్ట్ ఆర్డినెన్సు, మూడో అధికరణంలో మంచి పరిపాలనకీ మనుషుల సుఖానికీ మతం, నీతి, జ్ఞానం అవసరం కాబట్టి బడులనీ విద్యాసాధనాలనీ ఎప్పటికీ ప్రోత్సహించాలని రాసుకున్నారు.

వినడానికి ఎంత బాగుంది! ఇక ఆచరణ. 640 ఎకరాల అడవిని బడి పేర రాసేస్తే డబ్బు రాదు కదా. కౌలుకి ఇవ్వాలి. చుట్టూ సొంత భూమే చవగ్గా దొరుకుతుంటే కౌలుకి చేసేవాడెవడు? చేసినా ఏం ఇస్తాడు? పైగా గీత గీసి 16వ సెక్షన్ అన్నారు గానీ అది కొండలో పడిందా, వాగులో పడిందా ఎవరు చూశారు? ఒహాయో నది పక్క కొన్నిచోట్ల అంతా గుట్టలే. చౌక కౌళ్లు, ఎగ్గొట్టిన కౌళ్లు, చెట్లు కొట్టేసుకుని పోయినవాళ్లు, ఇదీ దాని చరిత్ర. చివరికి 1826లో కాంగ్రెస్ ఆ భూముల్ని అమ్ముకోవచ్చని ఒహాయోకి అనుమతి ఇచ్చేసింది.

కాబట్టి వాసు గారూ, తొలి ముప్పై ఏళ్ల బడులకి 16వ సెక్షన్ డబ్బే ఆధారం అని ఎక్కడైనా చదివితే కాస్త అనుమానంగా చూడండి. అక్కడ ఎక్కువగా నడిచింది చందా బడి. తల్లిదండ్రులు పిల్లకి ఇంత అని మూడు నెలలకి ఒప్పుకుని సంతకాలు పెడతారు. పంతులికి ఇచ్చేది నగదు తక్కువ, మొక్కజొన్న, పంది మాంసం, వంతులవారీ భోజనం, పడక ఎక్కువ.

గోదారోడు
వారాల భోజనం! మేష్టారూ, మా తాతగారు చదువుకున్నది అలాగేనండి. అక్కడ పంతులికి వారాలు, మన దగ్గర విద్యార్థికి వారాలు.

కొలంబస్ వాసు
మేష్టారూ, ధన్యవాదాలండి. 16వ సెక్షన్ గురించి ఇక్కడ అందరూ గొప్పగానే చెప్తారు, కౌళ్ల సంగతి ఎవరూ ఎత్తరు. మరి కోటల్లో బడి చెప్పింది ఎవరు? డేనియల్ స్టోరీ గారేనా?

స్వాతి_ఎల్
స్టోరీ ముఖ్యంగా చర్చి మనిషి. పాఠాలు చెప్పడానికి కూడా అని తెప్పించారు, కానీ ప్రసంగాల కోసమే ఊరూరా పడవలో తిరిగేవాడు. కాంపస్ మార్షియస్ కోటలో 1789–90 చలికాలంలో బడి చెప్పింది మేజర్ ఆన్సెల్మ్ టప్పర్. అమెరికా విప్లవ యుద్ధంలో పనిచేసిన సైనికాధికారి.

నాకు ఎక్కువ ఇష్టమైన కథ బెల్‌ప్రీ ఊరిది. మారియెట్టాకి దిగువన, ఒహాయో నది ఒడ్డు. అక్కడి కోట పేరు ఫార్మర్స్ క్యాజిల్. అందులో బడి రెండు రకాలు. వేసవిలో చిన్న పిల్లలకి, మగపిల్లలూ ఆడపిల్లలూ కలిసి, బాత్‌షెబా రౌజ్ అనే యువతి చెప్పేది. మసాచుసెట్స్ నుంచి తల్లిదండ్రులతో వచ్చిన అమ్మాయి. చలికాలంలో పొలం పనులు ఉండవు కాబట్టి పెద్ద కుర్రాళ్లు వచ్చేవాళ్లు, వాళ్లకి డేనియల్ మేయో అనే హార్వర్డ్ పట్టభద్రుడు చెప్పేవాడు.

ఇప్పుడు చూడండి. పుస్తకాల్లో మేయో పేరు పక్కన హార్వర్డ్ తప్పకుండా ఉంటుంది. రౌజ్ పేరు పక్కన తండ్రి పేరు ఉంటుంది, ఊరు ఉంటుంది, ఎక్కడ చదువుకుందో ఉండదు. ఎందుకంటే ఆడపిల్లలకి కాలేజీ అన్నదే లేదు. అయినా ఆ కోటలో పిల్లలందరికీ మొదటి అక్షరం దిద్దించింది ఆమె. "చదువుకున్న వలసదారుల జాబితా" తయారుచేస్తే ఆమెని ఏ వరుసలో రాస్తారు?

డబ్బు గురించి మేష్టారు చెప్పారు కాబట్టి ఒకటి కలుపుతా. 1790 జులైలో ఒహాయో కంపెనీ డైరెక్టర్లు మారియెట్టా, బెల్‌ప్రీ, వాటర్‌ఫర్డ్ బడులకి కలిపి 150 డాలర్లు కేటాయించారు. మూడు ఊళ్లకీ కలిపి!

నవీన్_నిజాంపేట
150 డాలర్లు మూడు ఊళ్లకా? అప్పుడు అది మస్తు పైసలే అయ్యుండొచ్చు.

పాత కాగితాలు
బడి నడిపేంత కాదు, బడి మొదలయ్యేంత. మిగతాది తల్లిదండ్రుల చందా.

ఇక వాసు గారి అసలు ప్రశ్నకి వస్తా. మామూలు మనిషికి చదువు వచ్చో రాదో ఎలా తెలుస్తుంది?

అందరూ మొదట పట్టుకునేది సంతకం. దస్తావేజు కింద సంతకం ఉంటే చదువు వచ్చినట్టు, మన పాత దస్తావేజుల్లో నిశానీ లాగా ఇంటూ గుర్తు ఉంటే రానట్టు. ఇందులో మూడు చిక్కులున్నాయి. ఒకటి, కౌంటీ కోర్టు పుస్తకాల్లో మనకి కనిపించేది అసలు దస్తావేజు కాదు, గుమస్తా రాసుకున్న నకలు. అన్ని సంతకాలూ గుమస్తా చేతిరాతలోనే ఉంటాయి. "ఫలానావారి గుర్తు" అని రాస్తే తప్ప తేడా తెలీదు. ఆ రాయడంలో గుమస్తా ఎంత జాగ్రత్తగా ఉన్నాడో మరి. రెండు, ముసలితనంలో, జబ్బులో వీలునామా మీద గుర్తు పెట్టిన మనిషి ముప్పై ఏళ్ల వయసులో చక్కగా సంతకం చేసి ఉండొచ్చు. మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఆ రోజుల్లో చదవడం ముందు నేర్పేవాళ్లు, రాయడం తర్వాత, అది కూడా విడిగా. బైబిల్ చదవడం వస్తే చాలు అనుకునేవాళ్లు ఆడపిల్లల విషయంలో. కాబట్టి గుర్తు పెట్టిన ఆడమనిషి రోజూ బైబిల్ చదివే మనిషే కావచ్చు. సంతకాల లెక్క మగవాళ్లకి కొంతవరకు పనికొస్తుంది, ఆడవాళ్లకి మోసం చేస్తుంది.

సంతకం కంటే నేను నమ్మేది చనిపోయినవాళ్ల ఆస్తుల జాబితాలు. ప్రొబేట్ కోర్టు (పోయినవాళ్ల ఆస్తి వ్యవహారాలు చూసే కోర్టు) తరఫున ఇరుగుపొరుగువాళ్లు ఇంటికి వచ్చి ఒక్కో వస్తువుకీ ధర కట్టి రాస్తారు. ఆవు ఇంత, నాగలి ఇంత, ఇనప కుండ ఇంత. వాటి మధ్యలో ఒక బైబిల్, ఒక కీర్తనల పుస్తకం, "పాత పుస్తకాలు, ఒక కట్ట" అని వస్తుంది. ఆ కట్టలో ఏముందో రాయరు, చచ్చేంత చిరాకు. కానీ లాయరు కాని, డాక్టరు కాని మామూలు రైతు ఇంట్లో నాలుగైదు పుస్తకాల పేర్లు విడిగా రాసి ఉన్నాయంటే అక్కడ ఆగి చూడాలి.

కొలంబస్ వాసు
ప్రొబేట్ రికార్డులు ఆన్‌లైన్‌లో చూశా, చేతిరాత చదవడమే నరకంగా ఉంది. సెన్సస్‌లో చదువు వివరాలు ఉండవా?

పాత కాగితాలు
తొలినాళ్ల సెన్సస్‌లో ఉండవు. ఇంటిపెద్ద పేరు, ఇంట్లో ఏ వయసువాళ్లు ఎందరు, అంతే. కానీ మీ అదృష్టం చూడండి. 1800, 1810 సెన్సస్‌లలో ఇప్పటి ఒహాయో ప్రాంతానికి చెందిన కాగితాలు దాదాపు అన్నీ పోయాయి. మిగిలింది వాషింగ్టన్ కౌంటీవే. అంటే తొలి కుటుంబాల పేర్ల జాబితా మీకు ఒక్కరికే ఉంది, పక్క కౌంటీల పరిశోధకులకి లేదు.

1840 సెన్సస్‌లో మొదటిసారి ఇరవై దాటిన తెల్లవాళ్లలో చదవడం రాయడం రానివాళ్లు ఆ ఇంట్లో ఎందరో అడిగారు. బడులు, విద్యార్థుల సంఖ్య కూడా ఉంటుంది. 1850 నుంచి ఒక్కొక్క మనిషి పేరుతో సహా. మీ కాలానికి ఇవి ఆలస్యమే, కానీ 1790ల్లో కోటలో బడికి వెళ్లిన పిల్లలు 1850 నాటికి ముసలివాళ్లై బతికే ఉంటారు. వెనక్కి లెక్కేసుకోవచ్చు.

ఇంకొకటి, చాలామంది వదిలేసేది: విప్లవ యుద్ధ సైనికుల పింఛను ఫైళ్లు. 1818 చట్టం పేద సైనికులకి పింఛను ఇచ్చింది. దరఖాస్తులు వెల్లువెత్తడంతో 1820లో ఇంకో చట్టం చేసి, నీకున్న ఆస్తి మొత్తం రాసి ప్రమాణం చెయ్యమన్నారు. కప్పులూ చెంచాలూ దాకా రాశారు పాపం. పుస్తకాలుంటే అవీ అందులో పడతాయి. వితంతువుల ఫైళ్లలో పెళ్లి రుజువు కోసం కుటుంబ బైబిల్లో పుట్టుకలు, పెళ్లిళ్లు రాసుకున్న పేజీనే చింపి పంపినవాళ్లున్నారు. ఆ ఇంట్లో ఎవరో ఒకరికి రాయడం వచ్చని అంతకంటే గట్టి సాక్ష్యం ఏం కావాలి. మారియెట్టాకి వచ్చినవాళ్లలో మాజీ సైనికులు చాలామంది కాబట్టి ఈ దారి మీకు బాగా కలిసొస్తుంది.

గోదారోడు
ఇంత సీరియస్‌గా మాట్లాడుతున్నారు గానీ అసలు మజా ఉన్న కథ ఎవరూ చెప్పరేంటండీ. ఏమ్స్ ఊళ్లో డబ్బు లేక రకూన్ తోళ్లు పోగేసి, బోస్టన్‌కి తీసుకెళ్లి అమ్మి పుస్తకాలు కొన్నారంట కదా. కూన్‌స్కిన్ లైబ్రరీ. రకూన్ అంటే ఇక్కడ రాత్రిళ్లు మా చెత్తడబ్బా తిరగేసే జంతువే! దాని తోలుతో గ్రంథాలయం అంటే నాకు భలే నచ్చింది.

స్వాతి_ఎల్
కథ చాలావరకు నిజమే అండీ. 1804లో అక్కడివాళ్లు వెస్టర్న్ లైబ్రరీ అసోసియేషన్ అని పెట్టుకున్నారు. శామ్యూల్ బ్రౌన్ అనే ఆయన బోస్టన్ వెళ్తూ తోళ్లు తీసుకెళ్లి, 51 పుస్తకాలు తెచ్చాడు. ఎంపికలో సాయం చేసింది మళ్లీ మనాసె కట్లరే. థామస్ ఎవింగ్ అనే కుర్రాడు తన దగ్గరున్న పది రకూన్ తోళ్లు ఇచ్చానని పెద్దయ్యాక రాసుకున్నాడు. ఆ కుర్రాడు తర్వాత ఉప్పు బట్టీల్లో కూలి పని చేసి ఫీజు సంపాదించి, ఒహాయో యూనివర్సిటీలో 1815లో పట్టా తీసుకున్నాడు. మొదటి బ్యాచ్ ఇద్దరే, అందులో ఒకడు. ఆ తర్వాత సెనేటరు, కేంద్రంలో ఆర్థిక మంత్రి.

కానీ "కూన్‌స్కిన్" అన్న పేరు తర్వాత అంటుకుంది. అప్పటి జమాఖర్చు పుస్తకాల్లో కనిపించేది డబ్బు రూపంలో వాటాలు. తోళ్లు కొందరు ఇచ్చారు, అంతా తోళ్లే కాదు.

పాత కాగితాలు
నేను మొదట గుర్తుపెట్టుకోమన్న సంగతి ఇక్కడే. ఏమ్స్ ఇప్పుడు ఏథెన్స్ కౌంటీలో ఉంది. ఆ కౌంటీ 1805లో వాషింగ్టన్ కౌంటీ నుంచి విడిపోయింది. అంటే లైబ్రరీ పెట్టిన రోజున అది వాషింగ్టన్ కౌంటీయే. 1805కి ముందు దస్తావేజులు, జాబితాలు మారియెట్టా కోర్టులో, తర్వాతవి ఏథెన్స్‌లో. ఈ గీత తెలియక సగం మంది "మా పూర్వీకుడి రికార్డు లేదు" అని వెనక్కి వెళ్లిపోతారు.

ఇంకోటి. ఏమ్స్ కంటే ముందే బెల్‌ప్రీలో లైబ్రరీ ఉంది. విప్లవ యుద్ధ వీరుడు ఇజ్రాయెల్ పుట్నం పుస్తకాలు ఆయన కొడుకు తెచ్చుకోగా, వాటితో వాటాల పద్ధతిలో నడిపారు. పుట్నం ఫ్యామిలీ లైబ్రరీలో వాటా కోసం జొనాథన్ స్టోన్ అనే రైతు పది డాలర్లు కట్టినట్టు 1796 నాటి రసీదు ఉంది. చిన్న కాగితం ముక్క. 1796లో, కోటల్లోంచి బయటికొచ్చి ఏడాది దాటిందో లేదో, ఇంకా పొలాలు సగం మోడులతో ఉన్నాయి, ఒక రైతు పుస్తకాలు చదువుకోవడానికి పది డాలర్లు ఇచ్చాడు. దీని వెనక తోళ్ల కథ లేదు కాబట్టి ఎవరికీ తెలీదు. నన్నడిగితే ఎనిమిది మంది పట్టభద్రుల పేర్ల కంటే ఈ రసీదు ఎక్కువ చెప్తుంది.

రాజమండ్రి మేష్టారు
దీనికి ఒక పిడకల వేట కలుపుతాను, మోడరేటరు గారు క్షమించాలి. ఆ జాబితాలో యేల్ పట్టభద్రులు ముగ్గురున్నారు కదా. ఆ కాలేజీకి పేరిచ్చిన ఎలీహు యేల్ 1687 నుంచి 1692 దాకా మద్రాసు సెయింట్ జార్జి కోట అధ్యక్షుడు. మద్రాసులో వెనకేసుకున్న సంపదలోంచి 1718లో ఆ కాలేజీకి పంపినవాటిలో తొమ్మిది బేళ్ల సరుకు ఉంది, దాన్ని అమ్మి కట్టడానికి వాడుకున్నారు. ఒహాయో అడవిలో దిగిన యేల్ చదువుకీ కోరమాండల్ తీరానికీ అంత మాత్రం చుట్టరికం ఉంది.

నవీన్_నిజాంపేట
మేష్టారూ, ఇది మాత్రం అదిరింది 👏

స్వాతి_ఎల్
వాసు గారూ, మీరు జాబితా చేసేటప్పుడు నల్లజాతి కుటుంబాలని మర్చిపోకండి. ఆర్డినెన్సు టెరిటరీలో బానిసత్వాన్ని నిషేధించింది. నదికి అవతలి ఒడ్డు వర్జీనియా, అక్కడ బానిసత్వం ఉంది. నది దాటి వచ్చినవాళ్లు, స్వేచ్ఛ పొందినవాళ్లు ఇటువైపు ఉన్నారు. కానీ 1804 చట్టం ప్రకారం స్వేచ్ఛా పత్రం చూపించాలి, 1807 చట్టం ప్రకారం 500 డాలర్ల పూచీ చూపించాలి. 1829లో నల్లజాతి పిల్లల్ని ప్రభుత్వ బడుల నుంచి చట్టం రాసి మరీ బయట పెట్టారు. 1840ల చివర్లో గానీ ఆ చట్టాలు చాలావరకు పోలేదు.

ఇందులో మనసు పిండే విషయం, పక్క కౌంటీలో ఒహాయో యూనివర్సిటీ నుంచి 1828లో జాన్ న్యూటన్ టెంపుల్టన్ పట్టా తీసుకున్నాడు. బానిసగా పుట్టిన మనిషి, దేశంలోని తొలి నల్లజాతి పట్టభద్రుల్లో ఒకడు. ఆ మరుసటి ఏడాదే ఆయన రంగు పిల్లలకి అదే రాష్ట్రంలో ప్రాథమిక బడి తలుపు మూశారు. 1840 సెన్సస్ చదువు ప్రశ్న కూడా తెల్లవాళ్లకే అని పైన చెప్పారు కదా, అంటే ఈ కుటుంబాలకి ఆ దారీ లేదు. చర్చి రికార్డులు, స్వేచ్ఛా పత్రాల రిజిస్టర్లు చూడాలి.

కొలంబస్ వాసు
టెంపుల్టన్ పేరు ఇక్కడ ఉంటూ కూడా నేను వినలేదు. థాంక్సండీ.

మరి అందరికీ బడి అన్నది ఎప్పుడొచ్చింది? 1797లో ముస్కింగం అకాడమీ అని కనిపిస్తోంది.

రాజమండ్రి మేష్టారు
అకాడమీ అంటే కాస్త ఉన్నవాళ్ల పిల్లల బడి. 1797లో మారియెట్టా పెద్దలు సభ పెట్టుకుని, చందాలతో కట్టారు. మొదటి పంతులు డేవిడ్ పుట్నం, ఆయనా యేల్ మనిషే. మారియెట్టా కాలేజీ తన మూలాలు అక్కడి నుంచే అని చెప్పుకుంటుంది. కానీ కొండల్లో ఉన్న టౌన్‌షిప్పు రైతు బిడ్డకి దాంతో పనేంటి?

అందరి బడి కోసం పట్టుబట్టిన మనిషి మనాసె కట్లర్ కొడుకు ఎఫ్రాయిం కట్లర్. తండ్రి యేల్, కొడుక్కి కాలేజీ లేదు, తాత ఇంట్లో పెరిగి ఉన్నంతలో చదువుకున్నాడు. ఏమ్స్ లైబ్రరీ వాళ్లలో ఆయనా ఉన్నాడు. 1802 ఒహాయో రాజ్యాంగ సభలో బానిసత్వాన్ని దొడ్డిదారిన రానివ్వకుండా అడ్డుపడ్డవాళ్లలో ఒకడు. 1821లో ఒహాయో చేసిన బడి చట్టం "కావాలంటే పెట్టుకోండి" అన్న బాపతు. 1825 ఫిబ్రవరిలో వచ్చింది అసలు చట్టం. సిన్సినాటి మనిషి నేథన్ గిల్‌ఫర్డ్, ఎఫ్రాయిం కట్లర్ ఇద్దరూ శాసనసభలో దాన్ని నెట్టుకొచ్చారు. డాలరు ఆస్తికి అర మిల్లు పన్ను. అంటే వెయ్యి డాలర్ల ఆస్తి ఉన్నవాడు ఏడాదికి యాభై సెంట్లు బడి కోసం కట్టాలి. పిల్లలున్నా లేకున్నా. దాంతోపాటు పంతుళ్లని పరీక్ష పెట్టి తీసుకోవడానికి కౌంటీకి పరీక్షకులు. కాగితం మీద 1785లో ఇచ్చిన మాట చేతికి అందడానికి నలభై ఏళ్లు పట్టింది.

గోదారోడు
యాభై సెంట్లకి ఎంత గొడవ చేసుంటారో జనం!

రాజమండ్రి మేష్టారు
చెయ్యకుండా ఉంటారా నాయనా. "పెళ్లాం బిడ్డలు లేనివాణ్ని, పక్కవాడి పిల్లల చదువుకి నేనెందుకు కట్టాలి" అన్న వాదన ఏ దేశంలోనైనా ఒకటే.

కొలంబస్ వాసు
ఆఖరు ప్రశ్న. అసలు కాగితాలు ఎక్కడ? మారియెట్టా చరిత్ర రాసిన డాక్టర్ హిల్‌డ్రెత్ పుస్తకాల మీదే ఆధారపడొచ్చా?

పాత కాగితాలు
శామ్యూల్ హిల్‌డ్రెత్ లేకపోతే మనకి ఇందులో సగం తెలిసేది కాదు. బాత్‌షెబా రౌజ్ పేరు మిగిలిందే ఆయన వల్ల. కానీ ఆయన మారియెట్టాకి వచ్చింది 1806లో. కోటల కాలం ఆయన కళ్లతో చూడలేదు. పాతవాళ్ల జ్ఞాపకాలు, డైరీలు పోగేసి 1848లో, 1852లో అచ్చు వేయించాడు. జీవితచరిత్రలు రాసింది పెద్దమనుషులవే, అవీ పొగడ్తలతో. "మహా విద్యావంతులు" అన్న పేరు గట్టిపడింది ఎక్కువగా అక్కడే. కాబట్టి పేర్లు, సంఘటనలు ఆయన దగ్గర తీసుకోండి, విశేషణాలు వదిలేయండి.

అసలు కాగితాలకి మారియెట్టా కాలేజీ గ్రంథాలయం. ఒహాయో కంపెనీ రికార్డులు, రూఫస్ పుట్నం కాగితాలు, హిల్‌డ్రెత్ పోగుచేసినవి అక్కడున్నాయి. మీకు కారులో రెండు గంటల దూరం. ముందే మెయిల్ పెట్టి ఏ పెట్టె కావాలో చెప్పి వెళ్లండి. దస్తావేజులు, ప్రొబేట్ కౌంటీ కోర్టు దగ్గర. కాంపస్ మార్షియస్ మ్యూజియంలో పుట్నం ఇల్లు కోటలో ఉన్నచోటే ఇంకా నిలబడి ఉంది, అమ్మాయిని తీసుకెళ్లండి.

ఒక సలహా. కౌంటీ మొత్తం పెట్టుకోకండి, ఆగమైపోతారు. ఒక్క టౌన్‌షిప్పు తీసుకోండి. 1800 సెన్సస్‌లో అక్కడి ఇంటిపెద్దల పేర్లు రాసుకుని, ఒక్కొక్కరికీ దస్తావేజు, వీలునామా, ఆస్తుల జాబితా, పింఛను ఫైలు వెతకండి. మారియెట్టా వద్దు, దాని గురించి అందరూ రాశారు. బెల్‌ప్రీ చెయ్యొచ్చు.

స్వాతి_ఎల్
నా ఓటు వాటర్‌ఫర్డ్‌కి. 150 డాలర్లలో వాటా ఉన్న మూడో ఊరు. కాలేజీ పేర్లు తక్కువ, మామూలు రైతులు ఎక్కువ. అక్కడ ఏం తేలుతుందో అదే అసలు లెక్క.

కొలంబస్ వాసు
వాటర్‌ఫర్డ్ ఖాయం. సెన్సస్ పేర్లు ఎక్సెల్‌లో ఎక్కించి ఇక్కడ లింకు పెడతా. చేతిరాత చదవడంలో సాయం కావాలి, ముందే చెప్తున్నా.

నవీన్_నిజాంపేట
అన్నా, షీట్ షేర్ చెయ్యి. వీకెండ్‌ల నేను కొన్ని పేజీలు చూస్త. ఆస్తుల జాబితాల "పాత పుస్తకాలు, ఒక కట్ట" కనిపిస్తే ఏ కాలమ్‌ల వెయ్యాల్నో ముందు చెప్పు.

పాత కాగితాలు
దానికి విడిగా ఒక కాలమ్ పెట్టండి. ధర కూడా రాయండి, పక్కన ఆవు ధర కూడా.

మోడరేటర్
ఏథెన్స్ కౌంటీ, ఒహాయో యూనివర్సిటీ గురించి ఇంకా మాట్లాడాలనుకునేవాళ్లు కొత్త చర్చ మొదలెట్టండి. ఇక్కడ వాటర్‌ఫర్డ్ షీట్ పని నడుస్తుంది. ఎలీహు యేల్ వ్యాఖ్యని "మద్రాసు కోట" విభాగంలోకి కూడా జతచేశాను, మేష్టారు గారికి అభ్యంతరం ఉండదనుకుంటాను.